ఉగాది నలుగు, ఊదా గీతలు

1973 డిసెంబరు 9, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. బోధన్‌లో మా ఇంటి స్నానాల గదిలో ఒళ్లు రుద్దుకుంటుండగా ఎడమ రొమ్ము పక్కన, చర్మం కింద, సెనగగింజంత గట్టిది ఒకటి వేలికి తగిలింది. నొక్కితే నొప్పి లేదు, పక్కకు జరగలేదు. బయటికి వచ్చి తల తుడుచుకోకముందే డైరీలో తేదీ, గంట వేశాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. 1956 నుంచి ఆ ఊరి బాలికల పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. తేదీ లేని సంగతి నాకు సంగతిగా తోచదు.

బుధవారం నిజామాబాద్‌లో లేడీ డాక్టరు చూసి, హైదరాబాదుకు చీటీ రాసిచ్చింది. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షించి క్యాన్సర్ అన్నారు. జనవరి 8న ఎడమ రొమ్మును, చంకలోని పదకొండు గ్రంథులను తీసివేశారు. ఈ నాలుగు వారాల భయం గురించి నా డైరీలో పుటలు పుటలున్నాయి. వాటిని ఇక్కడ ఎత్తిరాయను. నేను చెప్పదలచింది ఆ తరువాతి సంగతి.

గాయం మానాక కిరణాల చికిత్స పెట్టారు. మావైపు దానిని కరెంటు పెట్టడం అంటారు. మొత్తం ఇరవై ఐదు పూటలు, వారానికి ఐదు, మధ్యలో తెగకూడదు. ఫిబ్రవరి 25న డాక్టరు నా ఛాతీ మీద ఊదా సిరాతో నాలుగు గీతలు గీశాడు. యంత్రం గురి ఆ గీతల మధ్యనే.

"గివి పోతే గురి పోయినట్టే, టీచరమ్మా. ఆఖరి రోజు దాకా ఇటు పక్క నీళ్లు తగలనియ్యొద్దు," అన్నాడు.

చెబితే నమ్మరు కాని, ఆ రోజుల్లో నాకు భయం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉండేది. ఐదు పూటలైతే ఐదో వంతు. పదైతే రెండైదో వంతులు. పదమూడో పూట సగం దాటింది; ఆ సాయంత్రం ఆసుపత్రి ఎదుటి సత్రంలో మా ఇంటాయనకు చేత్తో భిన్నాలు వేసి చూపించాను. చక్కెర మిల్లులో గుమాస్తా అయిన ఆయన, "పరీక్ష పాసైన పిల్ల లెక్క చేస్తున్నవేంది!" అని నవ్వాడు. మార్చి 22, శుక్రవారానికి ఇరవై పూర్తయ్యాయి. ఆదివారం ఉగాది. శని, ఆదివారాలు యంత్రానికి ఎలాగూ సెలవే కనుక ఇంటికి బయలుదేరాం.

ఇంట్లో మా అక్క ఉంది. భర్త పోయాక ఎడపల్లి నుంచి వచ్చి మాతోనే ఉంటున్నది. నన్ను చూసి ముక్కు మీద వేలు వేసుకున్నది.

"నెలాయెనా ఒంటికి నీళ్లు తగలక? పండుగపూట గిట్ల మురికితోని కూసుంటవా?"

"తలకు మాత్రం పోయ్. కింద తడపకు అక్కా. గీతలున్నయ్."

"నాకు తెల్వదా, పిల్లా? నిన్ను పెంచిన చెయ్యే గిది."

ఉగాది నాడు పొద్దెక్కాక ఛాతీకి పొడి గుడ్డ చుట్టుకుని పీట మీద కూర్చున్నాను. నూనె అంటింది. కుంకుడు రసం పోసింది. కుంకుడు నురుగు కారుతుంటే కళ్లు తెరిచే మనిషి ఎక్కడున్నాడు? గట్టిగా మూసుకున్నాను. ఆ చీకటిలో గుడ్డ సడలడం తెలిసింది. పసుపు, సెనగపిండి వాసన వచ్చింది; మెడకూ చేతులకూ నలుగు పెడుతున్నదనుకున్నాను. కాని ఎడమవైపు కోసిన చోట స్పర్శ పోయింది కదా, అక్క చేయి అక్కడ తిరుగుతున్నట్టు నాకు తెలియనే లేదు.

"ఇగ సూడు, ఎంత తెల్లగైనవో! దవాఖానోళ్లు పూసిన మరకలన్నీ పోగొట్టిన," అంది, గెలిచిన దానిలాగా.

కళ్లు తెరిచాను. ఒక్క గీత లేదు.

నేను పెట్టిన కేకకు మా ఇంటాయన గుమ్మం దాకా పరుగెత్తి వచ్చాడు. అక్క చేతిలో చెంబు అక్కడే జారింది. "గవి మరకలు కావా?" అంటూ చెంగుతో నోరు మూసుకుంది. ఇరవై పూటలూ వృథా అయితే? మళ్లీ మొదటి నుంచి అంటే? అసలు ఇక పెట్టడం కుదరదంటే?

అప్పుడు గుర్తుకు వచ్చింది. గీతలు గీసిన నాడే సత్రపు అద్దం ముందు కూర్చుని బడి స్కేలుతో వాటిని కొలిచి డైరీలో పటం వేసుకున్నాను. అవసరమని కాదు, అలవాటుకు. తడి తలతోనే పుట తీశాను. గొంతు గుంట నుంచి కిందికి రెండు సెంటీమీటర్లు, అక్కడి నుంచి ఎడమకు పదిహేనున్నర... అన్నీ ఉన్నాయి! సిరా బుడ్డి అందుకున్నాను.

"ఆగు," అన్నాడు మా ఇంటాయన. "నువ్వు గీసుకున్నదాని మీద కరెంటు పెడతరా? నడువు, బస్సు ఉన్నది."

"నేనూ వస్త. డాక్టరు తిడితే నన్నే తిట్టాలె," అని అక్క కూడా చెప్పులు వేసుకున్నది. పచ్చడి గిన్నె మూత కూడా తీయలేదు.

పన్నెండున్నర బస్సు. ఎడపల్లి దగ్గర మిల్లుకు పోయే చెరకు బండ్లు దారినిండా నిలిచి పద్దెనిమిది నిమిషాలు తిన్నాయి. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి బండివాళ్లను, "ఓ బాపూ, ఎడ్లు నిద్రపోయినయా, నువ్వు నిద్రపోయినవా?" అని అరుస్తూనే ఉంది. నిజామాబాద్ స్టేషనులో రైలు కదలడానికి నాలుగు నిమిషాల ముందు ఎక్కాం. కూర్చోగానే నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. అక్క ఏడుస్తున్నదల్లా తానూ నవ్వడం మొదలుపెట్టింది.

సోమవారం ఎనిమిదిన్నరకు డాక్టరు ముందు నిలబడ్డాను.

"ఎవరు కడిగిండ్రు?"

"నేనే సారూ," అంది అక్క. "మంచిగనే రుద్దిన."

ఆయన పెదవి బిగబట్టుకుని బీరువాలోంచి నా కాగితం తీశాడు. అందులో నాలుగు గీతల కొలతలూ, పటంతో సహా, ఉన్నాయి! మరో మనిషి కూడా నాలాగే రాసి పెట్టుకున్నాడన్న సంగతి నాకు ఆ క్షణంలో ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. నా డైరీ ముందుకు తోశాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మూడు సరిపోయాయి. చంకవైపు గీత సెంటీమీటరున్నర తేడా.

"కూసొని కొలిచిండ్రా?"

"అవును."

"యంత్రం కింద పండుకొని చెయ్యి పైకెత్తుతరు గద. తోలు జరుగుతది, టీచరమ్మా. మీరు గీసుకొని ఉంటే గురి తప్పేది."

నా తప్పును ఎర్ర సిరాతో దిద్దుకున్నాను. ఆయన కొత్తగా గీతలు గీశాడు. "ఇరవై ఎక్కడికీ పోలే," అన్నాడు. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇరవై ఒకటో పూట పెట్టారు. శుక్రవారం, మార్చి 29న, ఇరవై ఐదోది. ఒక్క రోజు కూడా తెగలేదు.

ఇది 1979 ఏప్రిల్‌లో రాస్తున్నాను. లెక్క ఇది.

పోయినవి: ఎడమ రొమ్ము. గ్రంథులు పదకొండు. ఎడమ ఛాతీ నుంచి చంక కింది దాకా జానెడు మేర స్పర్శ. బడి పనిదినాలు డెబ్బై ఎనిమిది.

ఉన్నవి: పెట్టవలసిన ఇరవై ఐదు పూటలకు పెట్టినవి ఇరవై ఐదు. చెవిదాకా లేచే ఎడమ చేయి. ఉద్యోగం. ఐదేళ్లలో పద్నాలుగు పరీక్షలు. పద్నాలుగింటిలోనూ ఏమీ కనబడలేదు.