స్పియర్‌హెడ్ అంటే ముందు తాకే మొన

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయిన కబురు నాకు ఒక నాయకుడి ఫొటో కింద కనబడింది. ఫోనుకు వచ్చిన ఆ పోస్టరులో ఆయన నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. టీచరమ్మ ఒక మూలన, తపాలా బిళ్లంత. కింద రాత: 'మా నాయకుడు స్పియర్‌హెడ్ చేసిన బాలికల బస్సు పోరాటంలో పాల్గొన్న ఉపాధ్యాయురాలు ఇక లేరు.' పాల్గొన్నారట! నాకు ఒళ్లు మండిపోయింది.

అసలు ఆ మాట మాకు నేర్పిందే టీచరమ్మ. మెదక్ బడిలో తొమ్మిదో తరగతిలో నేను దాన్ని 'ఈటె తల' అని తెలుగు చేస్తే, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ నవ్వారు.

"తల గాదు బిడ్డా, మొన. ముందుగాల తాకేది గదే, ముందుగాల వంగేది గదే. ఒక పనికి ముందు నిలబడి నడిపిస్తే స్పియర్‌హెడ్ చేసిండ్రు అంటం. కానీ 'నేను చేసిన' అని ఎన్నడు రాయకు. గా మాట పక్కోళ్లు అనాలె."

ఎవరైనా అలా రాస్తే 'నేను' మీద ఎర్రగీత పడేది.

ఎల్దుర్తి వైపు నుంచి వచ్చే ఆడపిల్లలకు అప్పట్లో పొద్దున బస్సు లేదు. ఆటోల్లో ఇరుక్కుని వచ్చేవాళ్లం. ఆ ఏడాది ముగ్గురు బడి మానేశారు. నన్నూ మానమన్నాడు మా నాయన. టీచరమ్మ ఇంటికొచ్చి, "పదిహేను రోజులు ఆగుండ్రి, బస్సు దెస్త" అన్నారు. రోజూ పొద్దున్నే డిపో మేనేజరు గది బయట నిలబడేవారు. కుర్చీ వేస్తే, "కూసుంటే మర్చిపోతరు సారూ" అనేవారట. బడికి ఆలస్యమవుతోందని హెడ్మాస్టరు ఆమెకు మెమో కూడా ఇచ్చారు. టీచరమ్మ దాన్ని సంచీలో పెట్టుకుని మర్నాడూ డిపోకే వెళ్లారు.

పదమూడో రోజు బస్సు వచ్చింది. జెండా ఊపడానికి ఈ నాయకుడు అప్పుడు దిగాడు. టీచరమ్మ మాత్రం క్లాసులో ఉన్నారు. ఎందుకు పోలేదని అడిగితే, "బస్సొచ్చింది మీకు, నాకా? పుస్తకాలు తెరువుండ్రి" అన్నారు. ఆ బస్సే లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే చదువు నాకు ఉండేది కాదు.

టీచరమ్మను సాగనంపే రోజు సమాధి దగ్గరికి నాయకుడు దండతో వచ్చాడు. అతని మనిషి నా దగ్గరికొచ్చి, "జర పక్కకు జరుగుండ్రి మేడమ్, సార్ ఫొటోల పడ్తలేడు" అన్నాడు.

"గప్పుడు డిపో ముంగట గూడ పడలే గద" అన్నాను. జరగలేదు.

నాతో ఆ బస్సులో వచ్చి చదువుకున్నవాళ్లు, ఎవరూ పిలవకుండానే, ఒక్కొక్కరే వచ్చి నా పక్కన నిలబడ్డారు.

మర్నాడు బయటికొచ్చిన ఫొటోలో నాయకుడి చెయ్యి, అందులో దండ కనిపిస్తాయి. మిగతాదంతా మా వీపులే.