చిరుతను కొట్టిన తుపాకి

నా చిన్నప్పుడు కల్లూరులో మా ఇంటి ముందు గదిలో దేవుడి పటాలకన్నా తుపాకులే ఎక్కువ కనిపించేవి. అన్నీ పాతవే, అన్నీ రెండు గొట్టాలవే. మా తాతయ్య వాటితో ఏనాడూ ఒక పిట్టను కూడా కొట్టి ఎరగడు. ఆయన సరదా వేరు. జాగీర్లు పోయి, వేటలు మానేసిన ఇళ్లల్లో అటకల మీద పడి ఉన్న తుపాకులను లైసెన్సు రాయించుకుని కొనేవాడు. కొన్న తర్వాత అది మొట్టమొదట ఎవరి భుజాన వేలాడిందో తెలుసుకునేదాకా ఆయనకు మనసు నిలిచేది కాదు. తుపాకి చెక్క మడమ మీద వెండి బిళ్ల ఉంటే, దాని మీద చెక్కిన అక్షరాలు పట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. ముసలివాళ్ల పక్కన కూర్చుని ఓపికగా అడిగేవాడు. తిరిగొచ్చి, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ తుపాకుల కథలు చెప్పేవాడు.

నిజానికి ఈ పిచ్చి అంతా ఒకే ఒక్క తుపాకి కోసం మొదలైంది. అది తాతయ్య నాయనది, అంటే మా ముత్తాతది. రోజులు బాగాలేనప్పుడు ఆయన దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. చర్ల అవతలి అడవిలో, గూడెంలోని పసివాణ్ణి ఎత్తుకుపోయిన చిరుతను ఆ తుపాకితోనే కొట్టాడని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. దెబ్బ తిన్న చిరుత గోదావరిలో పడి కొట్టుకుపోయిందట. గూడెంవాళ్లు ముత్తాతను భుజాల మీద ఎత్తుకుని తెచ్చారట. నేను బడిలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పి గొప్పలు పోయానో లెక్కలేదు.

ఖమ్మంలో తుపాకులు బాగుచేసే సాయిబు ఒకాయన మా తాతయ్యకు స్నేహితుడు. పాత తుపాకి ఏది తన దుకాణానికి వచ్చినా కబురు పంపేవాడు. ఒక ఎండాకాలం ఆయన కబురు అందుకుని వెళ్లిన తాతయ్య, గుడ్డలో చుట్టిన పొడుగాటి మూటతో దిగాడు. వెండి బిళ్ల మీద ముత్తాత పేరులోని అక్షరాలున్నాయి. తాతయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ బిళ్లను పంచె కొంగుతో తుడుస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత, చిరుత వేటను కళ్లారా చూసినవాళ్లు ఇంకా బతికి ఉంటే వాళ్ల నోటితోనే వినాలన్నాడు. బడికి సెలవులు కాబట్టి నేనూ వస్తానని పట్టుబట్టాను. ఆడపిల్లకు అడవిలో ఏం పని అని నాయనమ్మ కోప్పడింది గానీ, తాతయ్య నన్ను కాదనలేకపోయాడు.

భద్రాచలం మీదుగా చర్లకు బస్సులో, అక్కడి నుంచి ఎడ్లబండిలో వెళ్లాం. గూడెంలో కొందరు తమ మాటలో ఏదో అనుకుని, ఆ రోజులు తెలిసిన మనిషి ఒక్కతే మిగిలిందని చివరి ఇల్లు చూపించారు. ఒక ముసలమ్మ బయటికొచ్చింది. సన్నగా, నల్లగా, నిటారుగా ఉంది. తాతయ్య ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆయన వచ్చిన పని చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. మంచం వాల్చింది. నా ముఖం కడిగించింది. ఇద్దరికీ ఆకు దొప్పల్లో అంబలి పోసి, పక్కన కాల్చిన ఎండుచేప పెట్టింది. తిన్నంక మాట్లాడుకుందామన్నది. ఆ అంబలి ఎంత చల్లగా ఉందంటే, నేను అడిగి మరీ రెండోసారి పోయించుకున్నాను.

అప్పుడు తాతయ్య గుడ్డ విప్పి తుపాకి చూపించాడు. తాను పాత తుపాకులు కూడబెట్టేవాణ్ణని, ఇది పట్టుకుని ఇటు వచ్చి చిరుతను కొట్టిన దొర గురించి తెలుసుకుందామని వచ్చానని చెప్పాడు. ఆ దొర తనకేమవుతాడో మాత్రం చెప్పలేదు. కథంతా విన్నాక చెప్పి, ఆమెను ఆశ్చర్యపరచాలని అనుకున్నాడేమో. నాకూ ఆ సరదా అర్థమై నోరు బిగించుకుని కూర్చున్నాను.

ముసలమ్మ తుపాకిని ముట్టుకోలేదు.

"అప్పుడు చిరుత ఏడిదయ్యా," అన్నది. "తెల్లారకముందు ఇప్పపూలు ఏరుకుంటున్నం, నేను, మా తమ్ముడు. చెట్టు కింద కదులుడు చూసి ఎలుగ్గొడ్డనుకున్నడో ఏమో, దొర కాల్చిండు."

ఆమె గొంతు పెంచలేదు, కళ్లు తుడుచుకోలేదు. మిగిలిన సంగతి కూడా అలాగే, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. గూడెం మగవాళ్లు ఇద్దరు పిల్లల్నీ దుప్పట్లలో వేసి, వాసాలకు కట్టి, భుజాల మీద మోసుకుంటూ, పడవలో ఆస్పత్రికి చేర్చాలని గోదావరి దిక్కు పరిగెత్తారు. రేవు చేరకముందే తమ్ముడు పోయాడు. దొర వెనకాలే వచ్చాడు. పిల్లవాణ్ణి చిరుత ఎత్తుకుపోయిందని చెప్పమన్నాడు. వేరే మాట బయటికొస్తే గూడెం ఉండదన్నాడు. మరునాడు తానే అడవిలోకి వెళ్లి రెండుసార్లు పేల్చి వచ్చి, చిరుత నదిలో పడిపోయిందన్నాడు. అడిగిన ప్రతివాళ్లకూ గూడెంవాళ్లు అదే చెప్పారు. కన్నతల్లి కూడా అదే చెప్పిందట.

తర్వాత ఆమె నన్ను దగ్గరికి పిలిచి, పైట జరిపి, నా వేలు పట్టుకుని తన భుజం వెనక పెట్టింది. చర్మం కింద మినపగింజల్లాంటివి గట్టిగా తగిలాయి. సీసపు గుళ్లు. వేలితో నొక్కితే కొద్దిగా జరిగాయి. ఇప్పుడు నొప్పి లేదని, చలికాలమే కొంచెం గుంజుతుందని చెప్పింది. నేను చెయ్యి వెనక్కి లాక్కుందామనుకున్నాను. ఆమె నా తల నిమిరింది.

తాతయ్య వైపు చూడటానికి నాకు ధైర్యం రాలేదు. ఆయన అక్కడి నుంచి దండం పెట్టి లేచి వచ్చేయవచ్చు. మేమెవరమో ఆ గూడెంలో ఎవరికీ తెలియదు. పిల్లనైనా నాకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది. లేచి పోదామంటే బాగుండునని మనసులో కోరుకున్నాను కూడా. ఆయన మంచం దిగి నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆ దొర మా నాయన," అన్నాడు.

"ఎరికే," అన్నది ఆమె. "నువ్వు వాకిట్ల నిలబడంగనే ఎరికైంది. గదే ముక్కు, గదే నిలబడుడు."

"తెలిసి కూడా అంబలి పోసినవా?"

"ఎండల పిల్లను తోలుకొచ్చినవు గద."

తాతయ్య ఏడవడం నేను చూడటం అదే మొదలు. తన వల్ల ఏమైనా కావాలంటే చెప్పమని ఆమెను పదేపదే అడిగాడు. ఆమె ఒక్కటే కోరింది. ఆ తుపాకిని మళ్లీ ఆ దిక్కు తేవద్దన్నది. బయలుదేరేటప్పుడు తాతయ్య, చనిపోయిన ఆమె తమ్ముడి పేరు అడిగి తెలుసుకున్నాడు. దారి పొడవునా ఆ పేరును తనలో తాను అనుకుంటూనే ఉన్నాడు. నేను మాత్రం తాగిన అంబలి గుర్తొచ్చి బండిలో తల వంచుకుని కూర్చున్నాను. రెండోసారి అడిగి పోయించుకున్నానన్నదే నన్ను ఎక్కువగా కాల్చింది.

ఇంటికొచ్చిన రోజే, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు తాతయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. చిన్న తాతయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. పోయినవాళ్ల మీద బురద చల్లి ఏం బాగుపడతావని నిలదీశాడు. ఆ తర్వాత చాలాకాలం మా గడప తొక్కలేదు. నాయనమ్మ ఆ తుపాకిని బావిలో పారేయమన్నది. తాతయ్య పారేయలేదు. మిగతా తుపాకులను ఎన్నికలప్పుడు లైసెన్సున్న అందరిలాగే పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, మళ్లీ తెచ్చుకోలేదు. ఇదొక్కటే తిరిగి తెచ్చి గోడకు వేలాడదీశాడు. ఎవరైనా అడిగితే ముందు ఆ పిల్లవాడి పేరు చెప్పేవాడు, తర్వాతే తన తండ్రి పేరు చెప్పేవాడు. వినేవాళ్లకు ఇబ్బందిగా ఉండేది. మెల్లగా చుట్టాలు ముందు గదిలో కూర్చోవడం మానేశారు. ఇప్పపూల కాలంలో ఆయన ఒక్కడే చర్లకు వెళ్లొచ్చేవాడు. ఆ ముసలమ్మ చనిపోయిన ఏడు కూడా వెళ్లి, గూడెంవాళ్లతో పాటు మట్టి వేసి వచ్చాడు.

ఇప్పుడు ఆ తుపాకి ఖమ్మంలో మా తమ్ముడి దగ్గర ఉంది. ఈమధ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో, పెళ్లీడుకొచ్చిన మనవడొకడు దాని ఫోటో పెట్టి, మన పెద్దాయన చిరుతను కొట్టిన తుపాకి అని రాశాడు. కింద అందరూ చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు పెట్టారు. వాడి తప్పేమీ లేదు. అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ. నేను కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఆ పిల్లవాడి పేరుతో మొదలుపెట్టి జరిగినదంతా రాశాను. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. పొద్దున ఆ మనవడు ఫోన్ చేసి, ఆ గూడెం ఎక్కడుంది అమ్మమ్మా అని మెల్లగా అడిగాడు. నాకు తెలిసినంత దారి చెప్పాను.

ఆ రోజు నాకు నేర్పించాలని ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఇంత వయసొచ్చినా, తెలియని ఇంటికి వెళ్లినప్పుడు ఎవరైనా నేనెవరినో అడగకుండా ముందు ఆకేసి వడ్డిస్తే, మొదటి ముద్ద కలిపి ఆగిపోతాను. వీళ్లకు మా గురించి ఏం తెలుసో, తెలిసీ ఏం చెప్పకుండా ఊరుకున్నారో అని ఒక్క క్షణం వాళ్ల ముఖంలోకి చూస్తాను. ఆ తర్వాత తల వంచుకుని, పెట్టినదంతా మిగల్చకుండా తింటాను.