పచ్చరాయికి వలముడి

బొడ్డమ్మ చేతిలో రాగితీగ దారంలా మాట వింటుంది. ఏడేళ్ళ వయసు నుంచీ నైలాన్ వలలు అల్లిన వేళ్ళవి. రాయికి చిల్లు పెట్టదు, జిగురు పుయ్యదు. తీగను నాలుగు చుట్లు తిప్పి, పైన నొక్కి, కొసను లోపలికి దోపేస్తుంది. ఇక ఆ రాయి పీత డెక్కలో ఇరుక్కున్న వేలే, ఎంత విదిలించినా రాదు.

ఈ పనిలోకి ఆమెను దింపినవాడు కామేశ్. కాశీబుగ్గలో అతనిది రాళ్ళ దుకాణం. ఊదారాయి నిద్రకి, గులాబీరాయి మనశ్శాంతికి, పచ్చరాయి కిడ్నీకి. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఉద్దానంలో ఏ రాయి ఎక్కువ పోతుందో ఎవరినీ అడగక్కర్లేదు. రాళ్ళు అతను తెచ్చేవాడు, తీగ ఈమె చుట్టేది. హిమాలయాల్లో సాధువులు చుట్టిన పతకాలని అతను బేరగాళ్ళకి చెబుతుంటే, బొడ్డమ్మ వెనక గదిలో కూర్చుని నవ్వుకునేది. అప్పట్లో అది నవ్వులాటే.

ఆమె పెనిమిటి పోలారావుకి కిడ్నీలు పాడై డయాలిసిస్ మిషన్ ఎక్కిన కొన్నాళ్ళకి కామేశ్ మంచి పచ్చరాయి ఏరి ఊరికే ఇచ్చాడు.

"నలభై రోజులు బావని మిషన్ మీదికి పోనీకక్కా. రాయి ఎక్కించిన బలం మిషన్ లాగేత్తాది."

వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రిలో సూదులు పొడిపించుకుని విసిగిపోయిన పోలారావుకి ఆ మాట చల్లగా తగిలింది. బొడ్డమ్మే తీగ చుట్టింది. తన చేత్తోనే మెడలో కట్టింది. పన్నెండో రోజున ఒళ్ళంతా ఉబ్బి, ఊపిరందక పోయాడు.

పరామర్శకొచ్చిన కామేశ్ గుమ్మంలో నిలబడి ఒక్క మాటన్నాడు. "రాయి మంచిదే అక్కా. బావకి నమ్మకం సాల్లేదు."

మనిషి పోయిన దుఃఖం ఏడ్చి ఏడ్చి కొంత తగ్గింది. ఆ మాట మాత్రం చేపముల్లులా గొంతులో అడ్డంపడింది. ఎన్ని అన్నం ముద్దలు మింగినా దిగలేదు.

మళ్ళీ అతని గుమ్మం తొక్కలేదామె. సొంతంగా రాళ్ళకి తీగ చుట్టి పలాసలో కాలేజీ పిల్లలకి అమ్ముతుంది. దీంతో ఏం తగ్గుతుందని ఎవరైనా అడిగితే, "ఏటీ తగ్గదు. మెడకి అందం," అంటుంది. కొనకుండా పోయేవాళ్ళని పోనిస్తుంది. పోలారావు మెడలోని పచ్చరాయి మాత్రం రెండేళ్ళుగా ఆమె కొంగు ముడిలోనే ఉంది.

ఈమధ్య ఒక మంగళవారం పొద్దున ఆడపడుచు నారాయణమ్మని డయాలిసిస్‌కి తీసుకెళ్ళింది. ఎదుటి మంచం మీద ముఖానికి మాస్కు, తలకి తువ్వాలు చుట్టుకుని కొత్తవాడొకడు పడుకున్నాడు. నర్సు "కామేశ్ గారూ" అని పిలిచింది. బొడ్డమ్మ ముందు అతని మెడ చూసింది. రాయి లేదు.

స్టూలు లాక్కెళ్ళి పక్కన కూర్చుంది. అతని ఎడమచేతిలో రెండు సూదులు, ఎర్రటి గొట్టాలు. నాలుగు గంటలపాటు కదలడానికి లేదు.

"బాగున్నావేటి తమ్ముడా."

కామేశ్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె కొంగు విప్పి పచ్చరాయి తీసింది. దాని నైలాన్ దారాన్ని అతని మెడకి వేలు దూరేంత వదులుగా తిప్పి, వలముడి వేసి, ఉమ్మితో తడిపి బిగించింది. ఆ ముడి రెండు చేతులకే ఓ పట్టాన రాదు. ఒంటిచేతికి అసలు రాదు.

"తీసియ్యక్కా. అందరూ సూత్తన్నారు."

"సూడనీ. ఊరందరికీ కట్టినోడివి, నువ్వు కట్టుకుంటే తప్పేటి?"

పక్క మంచం మీద బైరాగి ఉన్నాడు, జలంత్రకోట కొబ్బరి రైతు. చొక్కాలోంచి అలాంటి పతకమే బయటికి లాగాడు. "ఏటి మావా, ఇదేసుకుని మిషన్ మానెయ్యమన్నావు. వచ్చే వారం నుంచి మానేద్దారనుకున్నాను. నువ్వేటి ఇక్కడ?"

నర్సు వచ్చి కత్తెర తెమ్మంటారా అని అడిగింది. కత్తెర కావాలంటే రాయి ఎందుకొద్దో చెప్పాలి. గదిలో పదిమంది వింటున్నారు. కామేశ్ వద్దన్నట్టు తలూపాడు.

బొడ్డమ్మ తాపీగా వంగింది. "నీకు నమ్మకం సాల్లేదేటి తమ్ముడా?"

కామేశ్ కుడిచేత్తో ముడిని పీకి చూశాడు. చివరికి గొణిగాడు. "రాయితో ఏటీ తగ్గదు."

"గట్టిగా సెప్పు. ఆ సివరి మంచం తాతకి సెవుడు."

"రాయితో ఏటీ తగ్గదు. మిషన్ మానొద్దు."

బైరాగి తన పతకాన్ని అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. "పనితనం బాగుంది గానీ."

"ఏటి బాగు? తీగ కొస బయటికొచ్చేసింది. గీరుకుంటాది, తీసెయ్," అంది బొడ్డమ్మ. అతను తీసేశాడు. ఆమె మళ్ళీ కామేశ్ వైపు తిరిగింది. "మీ బావ సంగతో?"

"తప్పు నాదేనక్కా."

గొంతులో ముల్లు కొంచెం కదిలింది. దిగలేదు.

నాలుగు గంటలయ్యాక, చేతికి కట్టు కట్టించుకుని కామేశ్ ఆమె ముందు తల వంచి నిలబడ్డాడు. మెడ ఎముకలు తేలి ఉన్నాయి. మిషన్‌కి వెళ్ళిన రోజుల్లో పోలారావువీ అలాగే ఉండేవి. బొడ్డమ్మ గోటి కొసతో ముడిలోకి దారి చేసి, విప్పి, రాయిని మళ్ళీ కొంగున కట్టుకుంది.

"ఇక సాలు కదక్కా."

"మా నారాయణమ్మకి మంగళ, గురు, శనివారాలు. నీకూ అవేనని గోడ మీద పేర్ల పట్టీలో రాసుంది," అంటూ లేచింది బొడ్డమ్మ. "గురువారం కొత్త దారం తెత్తాను."