కొంగున కట్టిన తాళంచెవి

స్నానం చేసి దేవుడికి దీపం పెట్టగానే, మేకుకు వేలాడే వీధి తలుపు తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకోవడం సీతారావమ్మగారికి రోజూ పొద్దున అలవాటు. పరాయి దేశంలో, ట్రుగనీనా అనే శివారు పేటలో కొడుకు రాధాకృష్ణ కొన్న ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే మొదలైంది. ఆ తలుపు లోపలినుంచి తీయాలన్నా తాళంచెవి ఉండాల్సిందే. కొడుకు ఆఫీసుకు వెళ్ళాక, కోడలు మంగళను లోపల పెట్టి తాళం వేసి, ఆవిడ ఎవరి కారులోనో భజనకు బయల్దేరేది.

"ఎప్పుడొస్తారత్తయ్యా?" అని మంగళ అడిగేది.

"వచ్చినప్పుడు వస్తాను. నీకేం, రైలు తప్పిపోతోందా?"

కొత్త దేశం, ఎవడైనా ఎత్తుకుపోతాడని కొడుక్కి చెప్పింది. కొడుకు నవ్వి ఊరుకున్నాడు.

ఒకనాడు గారెలు వేస్తుంటే మూకుడు ఒరిగి కాగిన నూనె మంగళ చేతిమీద పడింది. రాధాకృష్ణ ఫోను ఎత్తలేదు. పెరట్లోకి పరుగెత్తితే, కంచె అవతల టమాటా మొక్కలకు నీళ్ళు పెడుతున్న ఇటలీ ముసలావిడ అసుంతా చప్పున గొట్టం ఇటు తిప్పింది. మంట చల్లారేదాకా, తన చేతులు లాగుతున్నా దించకుండా, కంచె మీదుగా నీళ్ళు పోస్తూనే ఉంది. అలాంటి మనుషులను దేవుడు పక్కింట్లోనే ఉంచుతాడు.

"బయటికి రా, డాక్టరు దగ్గరికి పోదాం" అంది.

"తాళంచెవి అత్తయ్య దగ్గరుంది ఆంటీ. ఎప్పుడొస్తుందో చెప్పదు."

"కత్తీవా" అంది అసుంతా. "అంటే మా భాషలో చెడ్డ మనిషి. మా ఊరి చర్చి ఫాదరు చెప్పేవాడు, పూర్వం లాటిన్‌లో ఆ మాటకు బందీ అని అర్థమట. తర్వాత సైతానుకు బందీ అన్నారు. చివరికి చెడ్డ అనే మిగిలింది."

మంగళ ఏడుస్తూనే నవ్వింది. "బందీని నేను ఆంటీ. సైతాను భజనకెళ్ళింది."

సాయంత్రం అత్తగారు వచ్చి, బొబ్బలెక్కిన చెయ్యి చూసి, "గారెలన్నీ మాడ్చావా, మిగిల్చావా?" అంది.

ఏళ్ళు గడిచి సీతారావమ్మగారికి మతిమరుపు ముదిరింది. ఒకరోజు గోదాముల రోడ్డులో లారీల మధ్య చెప్పుల్లేకుండా నిలబడి ఉంటే ఎవరో పుణ్యాత్ములు ఇంటికి చేర్చారు. ఆనాటినుంచి తాళంచెవి మంగళ హ్యాండ్‌బ్యాగులోకి వచ్చింది. ఆమె ఇప్పుడు ఆ గోదాముల్లోనే ఒకదాంట్లో పనిచేస్తోంది.

"ఎప్పుడొస్తావే?" అని ముసలావిడ గుమ్మందాకా వచ్చేది.

"వచ్చినప్పుడు వస్తాను. మీకేం, రైలు తప్పిపోతోందా?"

ఆ మాట అని వెళ్ళిన రోజు మంగళకు పని తేలిగ్గా సాగిపోయేది. రాధాకృష్ణ అప్పుడూ నవ్వి ఊరుకున్నాడు.

ఒక సాయంత్రం అసుంతా కంచె దగ్గరికి పిలిచింది. "మీ అత్త పొద్దుటినుంచీ ఇక్కడే నిలబడింది. రొట్టె ఇస్తే తినలేదు. వీధివైపు చూపిస్తూ నీ పేరే అంటోంది."

"నిలబడనీయండి ఆంటీ. నన్నూ నిలబెట్టింది."

అసుంతా తలెత్తలేదు. "కత్తీవా" అంది మెల్లగా.

"ఎవరు, అత్తయ్యా?"

అసుంతా ఎప్పటిలాగే నాలుగు టమాటాలు కోసి మంగళ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చేతిమీద కాలిన మచ్చ ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున మంగళ తలుపు దగ్గరికి వేస్తుంటే సీతారావమ్మగారు వచ్చి పక్కన నిలబడింది. స్నానం చేసింది. దీపం పెట్టింది. కొంగుకు ముడి కూడా వేసుకుంది, అందులోంచి చెంచా కాడ కనిపిస్తోంది.

"తాళం వేసుకో, నేనేమీ అనను" అంది. "ఒక్క ఉపకారం చెయ్యి తల్లీ. ఎప్పుడొస్తావో చెప్పి వెయ్యి."