రోసా ఆంటీ టీవీలో పాప మాట

దయ్యాలు, ఆత్మలు, సంకేతాలు అని మొదలుపెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అమావాస్య వస్తే చాలు, ఎవరో ఒకరు అద్దె ఇంట్లో అడుగుల చప్పుడు గురించి రాస్తారు. చెక్క ఇల్లు ఎండకి చప్పుడు చేయక ఏం చేస్తుంది? అందరూ ఇంజనీరింగ్ చదివిన మొహాలే. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే ఎంత చిరాగ్గా రాస్తున్నానో అర్థం చేసుకోండి.

మేముండేది మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్. పక్కింట్లో రోసా ఆంటీ, పడుచుతనంలో ఇటలీ నుంచి వచ్చేసిన పెద్దావిడ. ఆవిడ భర్త ఊరి మీద బెంగపెట్టుకుంటే, అక్కడున్న ఆయన తమ్ముడు ఒక ఏడాది పొడుగునా సాయంత్రాలు టీవీలో వచ్చిందంతా వీడియో క్యాసెట్లకి ఎక్కించి పంపాడట. పాటలు, వార్తలు, సబ్బుల ప్రకటనలు, ఏదీ వదల్లేదు. భర్త పోయి చాలాకాలమైంది. ఆవిడ మాత్రం రోజూ మధ్యాహ్నం ఆ ఏడాదే చూస్తుంది. అయిపోతే మళ్ళీ జనవరి నుంచి మొదలు.

ఆ టీవీ గురించి ఒక్క మంచి మాట చెప్పలేను. శనివారం ప్రోగ్రామంటే ఈకలు పెట్టుకున్న ఆడవాళ్ళు మెట్లు దిగడం, కోటు వేసుకున్నాయన చేతులూపుతూ వాళ్ళని పొగడటం. ఎంతసేపు దిగుతారో! ప్రతి కార్యక్రమం ముందూ జుట్టు గోపురంలా లేపి దువ్వుకున్న అనౌన్సరమ్మ వచ్చి, తర్వాత ఏం రాబోతోందో నవ్వుతూ చెబుతుంది. టైం మిగిలితే ఊళ్ళ ఫొటోలు, ఫౌంటెన్లు, వెనక వీణలాంటి వాయిద్యం. మన చిన్నప్పుడు అంతరాయానికి చింతిస్తున్నాం అని బోర్డు పెట్టేవాళ్ళు, అదే నయం.

తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకి మాత్రం అది ప్రాణమైపోయింది. ఇటాలియన్ ముక్క రాదు. "మన భాషలాగే ఉందే, ప్రతి మాటా అచ్చుతోనే ఆగుతోంది" అని మురిసిపోయేది. తెలుగుని ఇటలీ భాషతో పోల్చుకుని పొంగిపోయే జబ్బు మనవాళ్ళకి ఉందిగా. మనమంటూ ఉన్నామని ఆ ఇటలీవాళ్ళకి తెలుసో లేదో.

ఇంకో తిప్పలు. మా అమ్మాయికి జాతకం చూపించి బారెడు పేరు పెట్టాం, పిలిచేది మాత్రం 'పాప' అనే. ఇటాలియన్‌లో పాప అంటే పోప్ గారు. ఆ వార్తల్లో ఆయన లేని రోజు లేదు. ఆ మాట వినపడ్డప్పుడల్లా అమ్మ గుమ్మం వైపు తిరిగి, "పాపనెందుకే పిలుస్తోంది?" అనేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

ఆ రోజు నాకు సెలవు. పాప ఇంట్లో నిద్రపోతోంది, మా ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్. అమ్మా నేనూ ఆంటీ ఇంట్లో కూర్చున్నాం. టీవీలో ఫౌంటెన్ల ఫొటోలు నడుస్తున్నాయి. ఉన్నట్టుండి అనౌన్సరమ్మ వచ్చింది. నవ్వడం లేదు.

"పాప గేటు దాటిందమ్మా" అంది.

తెలుగులో. మా తెనాలి యాసలో.

అమ్మ అప్పటికే లేచి నిలబడింది. "పోప్ గురించేలే, కూర్చో" అన్నాను. నోరైతే అంది గానీ, నేనూ లేచి నిలబడ్డాను.

"గేటు కూడా పోప్ గారేనా?" అని అరిచింది అమ్మ.

పరిగెత్తాం. పార్శిల్ తీసుకోడానికి బయటికొచ్చిన మా ఆయన తలుపూ గేటూ బార్లా వదిలేసి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మీటింగులో కూర్చున్నాడు. మా వీధి చివర చెరువుంది. పాప బాతుల వెనకాలే నీళ్ళలోకి దిగుతోంది. నేను చేరేలోపే జారి మునిగింది. చేతికి అందిన జుట్టే పట్టుకుని పైకి లాగాను. దగ్గింది, కక్కింది, గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేనూ అక్కడే బురదలో కూలబడి ఏడ్చాను.

సాయంత్రం ఆంటీ చేత క్యాసెట్ వెనక్కి తిప్పించాను. ఫౌంటెన్లు, వాయిద్యం, మళ్ళీ ఫౌంటెన్లు. అనౌన్సరమ్మ లేదు. "నోబడీ వాజ్ టాకింగ్, లవ్. జస్ట్ మ్యూజిక్" అంది ఆంటీ. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

తల్లి మనసు, సబ్‌కాన్షస్ అంటాడు మా ఆయన. గేటు వేయడం చేతకాని మనిషికి సబ్‌కాన్షస్ గురించి తెలుసట! అదే నిజమైతే అమ్మకీ నాకూ ఒకే మొహం ఎలా కనపడింది, ఒకే మాట ఎలా వినపడింది? అమ్మేమో దేవుడంటుంది. దేవుడికి తెనాలి యాస వచ్చనుకుందాం, ఆ గోపురం జుట్టెందుకు? గ్రూపులో చెబితే గుమ్మానికి నిమ్మకాయలు కట్టమంటారు, అందుకే చెప్పలేదు.

నాకు తెలీదు. ఎంత ఆలోచించినా తెలీడం లేదు. ఇప్పటికీ ఆ టీవీ అంత చెత్తగానూ ఉంది. కానీ అనౌన్సరమ్మ తెర మీదకి రాగానే నేను మాట్లాడుతున్నది ఆపేస్తాను. పాపని ఒళ్ళోకి లాక్కుంటాను. ఆవిడ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదు. అయినా చివరిదాకా వింటాను.