చాచా కొట్లో నా నంబర్లు

ఆ రోజుల్లో కుదురుగా కూర్చోవడం నాకు శిక్షలా ఉండేది. ఇరవై ఏళ్ళ వయసు, బోధన్‌లో ట్రాక్టర్ల స్పేర్ పార్టుల కొట్లో ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను, ఆ ఫోనులో నేనెప్పుడూ కంటితో చూడని స్పోర్ట్స్ కార్లు. కౌంటరు కింద నా కాళ్ళు ఊగుతూనే ఉండేవి. (ఆ ఊపుకి బోల్టుల డబ్బా రెండుసార్లు బోర్లాపడింది. ఏరుకున్నదీ నేనే.) కార్లకంటే వాటి లోపలి నంబర్ల మీద నాకు పిచ్చి ఎక్కువ. ఒక జర్మన్ కంపెనీ కారుకు బయట ఏళ్ళ తరబడి ఒకటే పేరు, ఫ్యాక్టరీ లోపల మాత్రం ఒక్కో తరానికి ఒక్కో నంబరు: 964, తర్వాత 993, ఆ తర్వాత 996. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ, 993 దాకా ఇంజనును చల్లబరిచేది గాలి, 996 నుంచి నీళ్ళు. జపాన్‌లో ఒక కంపెనీ వాళ్ళు ఆర్32, ఆర్33, ఆర్34 అంటూ పోతారు. ఆ నంబర్లు తెలిసినవాడు ఆ ఇంటి మనిషి, తెలియనివాడు వీధిలో నిలబడి చూసేవాడు. నేను ఇంటి మనిషినేనని నా గట్టి నమ్మకం. అప్పటికి నేను ఎక్కిన అతి వేగమైన బండి నిజామాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు.

మా సేఠ్‌ని ఊరంతా చాచా అని పిలిచేవారు. ఆయన కొట్లో నంబర్లు లేవు. ఏ బేరింగు మొదట ఎవరి ట్రాలీకి పట్టిందో, డబ్బా మీద ఆకుపచ్చ రంగుతో వాళ్ళ పేరు రాసేవాడు. రుద్రూర్ అక్క బేరింగు, సాలూర పటేల్ సీలు, కోపం మేస్త్రి బుష్షు. ఇవి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"చాచా, కంపెనీలల్ల గిట్ల ఉండదు. మనం కూడ నంబర్లు పెడ్దాం" అన్నాను.

"బేటా, ఆళ్ళ కారు ఫ్యాక్టరీల పుడ్తది. మన ట్రాలీ యాడ పుట్టింది?" అని నవ్వాడు చాచా. ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

చెరకు సీజను మధ్యలో, మేనకోడలి పెళ్ళికని చాచా మూడు రోజులు నిజామాబాద్ వెళ్ళాడు. మొదటి రోజే నేను బ్లేడు పట్టుకుని పేర్లన్నీ గీకేశాను. ట్రాక్టరు మోడళ్ళు, అవి వచ్చిన సంవత్సరాలు చూసి తరాలు కట్టి, టి1 నుంచి టి40 దాకా నంబర్లు వేసి, డబ్బాలన్నీ ఆ వరసలోకి మార్చాను. అంత గర్వం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం రుద్రూర్ అక్క ఆటోలో దిగింది. భర్త పోయాక మూడెకరాల చెరకు ఒంటిచేత్తో పండిస్తున్న మనిషి. "తమ్మీ, నా బేరింగు ఇయ్యి. ఊరి బయట ట్రాలీ కూలవడ్డది. పొద్దుగూకేలోపట చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడ లేకుంటే కటింగ్ ఆర్డర్ పోతది, కోసిన చెరుకు ఎవ్వరు తీస్కోరు."

"అక్కా, నీ ట్రాక్టర్ ఏ మోడలు? ఏ ఏడుది?"

"ట్రాక్టర్‌కేమైంది? ఇరిగింది ట్రాలీది!"

అయినా నేను ట్రాక్టరు లెక్కే చూసి టి4 ఇచ్చి, ఆమెను నా బైకు మీద ట్రాలీ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడున్న మెకానిక్ ఎంత తిప్పినా అది ఎక్కలేదు. పరుగున కొట్టుకెళ్ళి టి5 తెచ్చాను, అది వదులు. మూడోసారి ఇంకోటి పట్టుకుని వెళ్ళేసరికి అక్క ట్రాలీ నీడలో కూర్చుని ఉంది. "నీ నంబర్లల్ల నా చెరుకు ఎండవట్టె తమ్మీ" అంది, తిట్టకుండా. తిడితే బాగుండేది. ఏడాది కష్టం కళ్ళముందు వాడిపోతుంటే, 993 ఇంజను సంగతి తెలిసిన నాకు ఆమె ఇరుసు సంగతి తెలియలేదు. సిగ్గుతో కొట్టుకి తిరిగొచ్చి చాచాకి ఫోన్ చేశాను.

"అక్క పేరు డబ్బా ఏమైంది?"

"గీకేసిన చాచా."

అవతల పెళ్ళి బ్యాండు మోగుతోంది. "వస్తున్న" అని పెట్టేశాడు.

గంటలోపే షేర్వానీతో, అత్తరు వాసనతో చాచా కొట్టు ముందు బండి దిగాడు. నా నంబర్ల వైపు కన్నెత్తి చూడలేదు. ఒక్కో బేరింగు తీసి లోపల వేలు తిప్పి, ఏడో దాన్ని నా చేతిలో పెట్టాడు. "అక్క పెనిమిటి స్క్రాప్‌ల పాత లారీ ఇరుసు తెచ్చి, మేస్త్రితోని ట్రాలీ కట్టిచ్చుకున్నడు. గా ట్రాలీకి కంపెనీ యాడిది బేటా? ఆళ్ళ పేరే దానికి కంపెనీ."

దాన్ని తీసుకెళ్ళి ఇస్తే ట్రాలీకి ఒక్క దెబ్బకి కూర్చుంది. ట్రాలీ ఫ్యాక్టరీ గేటు దాటేదాకా నేను వెనకాలే బైకు మీద వెళ్ళాను. ఇంకా పొద్దుంది. అక్క పైనుంచి ఒక చెరకు గడ లాగి నా మీదికి విసిరింది. "తిను తమ్మీ, నంబర్లు నమిలితే కడుపు నిండదు."

మర్నాడు పేర్లన్నీ మళ్ళీ రాశాను, తప్పులుంటే చాచా దిద్దాడు. టి4 డబ్బా మీద మాత్రం తనే స్వయంగా "ఇంజనీర్ బేరింగు" అని రాశాడు. ఆ ఇంజనీర్ ఎవరో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నిజామాబాద్‌లో కార్ల వర్క్‌షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని పొద్దస్తమానం ఛాసిస్ నంబర్లు కొడుతుంటాను. మొన్న బోధన్ వెళ్ళినప్పుడు ఆ కొట్లో ఆగి, కౌంటరు పక్క స్టూలు మీద కూర్చున్నాను. చాచా లేడు, పోయి మూడేళ్ళయింది. కౌంటరులో ఆయన కూతురు ఉంది. ఇంతలో ఎవరో రైతు వచ్చి, "బిడ్డా, ఇంజనీర్ బేరింగు ఉన్నదా?" అన్నాడు. ఆ అమ్మాయి తలెత్తకుండా చెయ్యి చాపి డబ్బా తీసి ఇచ్చింది. ఆ ఇంజనీర్ ఎవరో ఇద్దరికీ తెలియదు. నేనేనని చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. ఎక్కడెక్కడి కంపెనీల లోపలి పేర్లో కంఠస్థం పట్టి ఆ ఇళ్ళలో మనిషిననుకుని తిరిగాను. డబ్బా మీద పేరు పెట్టి నాకు నిజంగా చోటిచ్చిన ఇల్లు ఇదొక్కటే. కింద చూసుకుంటే నా కాలు ఊగుతోంది. బోల్టుల డబ్బాని కొంచెం పక్కకి జరిపాను.