కడగని ట్యాంకు

మొన్న గుంటూరు బస్సులో ఒక నవల పూర్తి చేశాను. స్నేహితుడికి ద్రోహం చేసినవాడు ఆఖరి పేజీలో వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాడు, అతను లేవనెత్తి కౌగిలించుకుంటాడు, అంతటితో శుభం. పక్క సీట్లో ఎవరికైనా చెబితే కళ్ళు తుడుచుకునేవారేమో. నాకు మాత్రం ఏడుపు రావాల్సిన చోట పురుగుమందు వాసన వచ్చింది. తప్పు ఆ నవలది కాదు, మా పెదనాన్నది.

పొదిలి పక్కన మా ఊళ్ళో అప్పట్లో మందు కొట్టే ట్యాంకు అందరికీ ఉండేది కాదు. పెదనాన్న ట్యాంకు అడిగినవాళ్ళందరి భుజాల మీదా తిరిగేది. ఒక ఏడు ఆయన గట్ల మీద కలుపు మందు కొట్టి, కడగకుండానే దాన్ని పక్కచేను బాబాయికి ఇచ్చేశాడు. బాబాయంటే చుట్టం కాదు, పెదనాన్నతో చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్న మనిషి. ఆయన అందులోనే పురుగుమందు కలిపి పూత మీదున్న పత్తికి కొట్టాడు. వారం తిరక్కముందే ఆకులు బెండాకుల్లా చీలికలై ముడుచుకుపోయాయి. ట్యాంకులో మిగిలిన కలుపు మందే పత్తిని తినేసిందని చూడగానే పెదనాన్నకి అర్థమైంది. అయినా నలుగురి ముందూ, "మోతాదు మించావురా, చేజేతులా చేసుకున్నావ్" అనేశాడు. బాబాయి ఆ మాట నమ్మాడు.

నమ్మి, ఇల్లు వదిలి చేలో పాకలోనే ఉండిపోయాడు. పిలిస్తే పలకడు, అన్నం పంపితే ముట్టడు. చేను పోయిన మనిషి పురుగుమందు డబ్బాల మధ్య ఒంటరిగా కూర్చుంటే మా వైపు ఏమని భయపడతారో చెప్పక్కర్లేదు. వాకిట్లో బండి ఆగితే చాలు, పెదనాన్న చేతిలో ముద్ద కంచంలోకి జారిపోయేది. ఆ భయంలో ఆయనకు తోచిన ఉపాయం దొంగతనం. పలకరించే వంకన పాకకు వెళ్ళి, పంచె చాటున ఒక్కో డబ్బా తెచ్చి, మా మిరపకాయల గదిలో పెట్టి తాళం వేసేవాడు. ఇల్లంతా కంపు. పెద్దమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ద్రోహం చాలక దొంగతనం కూడానా? నోరు విప్పి చెప్పెయ్యరాదా!" అంది.

"చెబితే మళ్ళీ నా మొహం చూస్తాడా?"

"అతనే లేకపోతే నువ్వెవరి మొహం చూస్తావయ్యా?"

ఒక పొద్దున బాబాయే వచ్చాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. "నా డబ్బాలు నీ దగ్గరే ఉన్నాయంటగా. ఇచ్చెయ్" అన్నాడు. పెదనాన్న గది తలుపుకి అడ్డంగా నిలబడి, "ఇవ్వనురా. నువ్వు మోతాదు మించలేదు. ట్యాంకు కడక్కుండా ఇచ్చింది నేను. తెలిసే అబద్ధమాడాను" అన్నాడు. బాబాయి కొట్టినా బాగుండేది. మెట్టు మీద కూలబడి బావురుమన్నాడు. తర్వాత పెద్దమ్మ పెట్టిన అన్నం తిని, పెదనాన్న వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ ఏడు నష్టం కింద పెదనాన్న ఇచ్చేసిన మా మిరప పంటలో సగం బాబాయి కల్లంలోనే ఆరింది.

మరుసటి ఏడు బాబాయి మళ్ళీ ట్యాంకు కోసం వచ్చాడు. పెదనాన్న దాన్ని ముందే తళతళా తోమి ఉంచాడు. అయినా బాబాయి దాన్ని బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి, పెదనాన్న కళ్ళ ముందే మళ్ళీ కడిగాడు. తర్వాత మాటలు కలిశాయి, నవ్వులూ కలిశాయి, ఏటా ఆ కడగడం మాత్రం ఆగలేదు. నవలలో ఒక్క పేజీతో తీరిపోయిన క్షమాపణ, మా పెదనాన్నకి ఆయన పోయేదాకా పత్తి పూతకొచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటికొచ్చేది.